మర ఎక్కినంత మాత్రాన సరిపోయినట్టు కాదు: బోటు ఇంజన్ ఫ్యూయల్ లైన్ ఫిట్టింగుల మీద ప్రసంగం

(బోటు యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డు విని టైపు చేసింది. తడబాట్లు తీసేశాం, మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలకి వినపడుతోందా? సరే. మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. ఇదిగో, ఇవి రెండు ఇత్తడి ముక్కలు. చిన్న హోస్ నిప్పళ్లు, అంటే ఒక చివర మర, రెండో చివర గొట్టం ఎక్కించే మూతి. ఒకదానికి ఎర్ర చుక్క పెట్టాను, రెండోదానికి పెట్టలేదు. చేతులు మార్చుకుంటూ చివరి వరస దాకా పంపండి. తిప్పి చూడండి, గోరుతో గీకి చూడండి, మీ ఇష్టం. రెండిటికీ తేడా ఉంది. అదేమిటో ఇప్పుడే చెప్పను. ఆ తేడా కనుక్కోలేక నేను రెండు రోజులు ఇంజన్ గదిలో మోకాళ్ల మీద కూర్చున్నాను. నేను మాట్లాడటం అయ్యేలోపు రెండూ నా దగ్గరికి తిరిగి రావాలి, జేబులో వేసుకోకండి.

ఫ్యూయల్ లైన్ మార్చాలి అనగానే అందరూ గొట్టం గురించి అడుగుతారు. ఏ గొట్టం, ఎంత లావు, ఎంత పొడవు. గొట్టం సులువండీ. దాని జాతకం అంతా దాని ఒంటి మీదే అచ్చేసి ఉంటుంది, చదువుకుని కొనుక్కోవచ్చు. మనల్ని ఏడిపించేవి గొట్టానికి అటు చివరా ఇటు చివరా ఉండే ఫిట్టింగులు. వాటి మీద చాలాసార్లు ఏమీ రాసి ఉండదు. ఉన్నా సగం రంగు కింద, సగం మసి కింద. గొట్టం ఒక్కసారి వెళ్లి తెచ్చుకుంటాం. ఫిట్టింగు కోసం ఎన్నిసార్లు తిరుగుతాం? మీలో ఒక్కసారికే సరైనది తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యి ఎత్తండి. చూశారా.

నా సంగతి చెబుతాను. చిన్న డీజిల్ ఇంజన్. ట్యాంకు నుంచి నీళ్లు వేరుచేసే ఫిల్టర్‌కి వచ్చే గొట్టం పగుళ్లు ఇచ్చింది, మార్చాను. పనిలో పనిగా ఫిల్టర్ తలలో, అంటే గొట్టాలు బిగించే పై భాగంలో, ఉన్న నిప్పల్ కూడా పాతబడిందని కొత్తది వేశాను. చేత్తో మూడు చుట్లు తిరిగింది, తర్వాత గట్టిపడింది. నేనేమనుకున్నాను? ఆహా, బాగా పట్టింది అనుకున్నాను. స్పానర్ వేసి ఇంకో ముప్పావు చుట్టు బిగించాను. తుడిచాను, చూశాను. ఒక్క చుక్క కారలేదు. ఇంజన్ స్టార్ట్ అయింది, చక్కగా తిరిగింది. ఇరవై నిమిషాల తర్వాత ఆగిపోయింది.

గాలి తీశాను, మళ్లీ స్టార్ట్ చేశాను. మళ్లీ ఇరవై నిమిషాలు, మళ్లీ ఆగింది. పంపు పోయిందేమో అన్నాను. ట్యాంకు గాలి గొట్టం మూసుకుందేమో అన్నాను. డీజిల్‌లో నీళ్లు ఉన్నాయేమో అన్నాను. అన్నిటినీ అనుమానించాను గానీ, నేను స్వయంగా వేసిన నిప్పల్‌ని మాత్రం అనుమానించలేదు. ఎందుకు? కారడం లేదు కదా.

ఇక్కడ ఆగుదాం. కారడం లేదు అంటే బాగున్నట్టేనా? కాదు. చాలా బోట్లలో ట్యాంకు కింద ఉంటుంది, ఇంజన్ మీద ఉండే లిఫ్ట్ పంపు డీజిల్‌ని పైకి పీలుస్తుంది. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న లైనులో తోపుడు లేదు, పీల్పుడు ఉంది. స్ట్రా తో కొబ్బరి నీళ్లు తాగేటప్పుడు స్ట్రాకి చిల్లు పడితే ఏమవుతుంది? నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికి వస్తుంది. అదే ఇక్కడా. పంపు దాటిన తర్వాత లీకు ఉంటే డీజిల్ కారుతుంది, కంటికి కనపడుతుంది, వాసన వస్తుంది. పంపుకి ముందు లీకు ఉంటే ఏమీ కనపడదు, ఇంజన్ ఆగిపోవడం తప్ప. అందుకే నేనంటాను, కారే లీకు మంచి లీకు. కనీసం నేను ఇక్కడున్నానని చెబుతుంది.

చివరికి ఎలా దొరికింది? ఒక జానెడు పారదర్శకమైన గొట్టం తీసుకుని, ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య తాత్కాలికంగా పెట్టాను. తాత్కాలికంగా, అని రెండుసార్లు అంటున్నాను. దాన్ని అలా వదిలేయకండి, నిప్పుకి అది ఒక్క నిమిషం కూడా ఆగదు. ఇంజన్ తిరుగుతుంటే టార్చి వేసి చూశాను. ఆవగింజంత బుడగలు, ఒకదాని వెనక ఒకటి, వరసగా పోతున్నాయి. ట్యాంకు వైపు నుంచి ఒక్కో జాయింటు దగ్గర అదే పరీక్ష చేసుకుంటూ వచ్చాను. ఫిల్టర్ తలకి ముందు బుడగలు లేవు, తర్వాత ఉన్నాయి. నిప్పల్ విప్పాను. మూడో చుట్టు దగ్గర మరలు నలిగి మెరుస్తున్నాయి. ఫిల్టర్ తలలో ఉన్నది ఎం10, పిచ్ 1. నేను పెట్టింది 1/8 బీఎస్‌పీ, అంటే బ్రిటిష్ పైపు మర.

మర ఎక్కింది. బిగిసింది కూడా. కానీ అది సరైన చోట కూర్చుని బిగిసింది కాదు, దారి తప్పి ఇరుక్కుని బిగిసింది. చేతికి రెండూ ఒకేలా తెలుస్తాయి. అదీ చిక్కు.

అంకెలు చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. ఎం10 అంటే బయటి వ్యాసం 10 మిల్లీమీటర్లు, ఒక చుట్టుకి 1 మిల్లీమీటరు ముందుకి పోతుంది, దాన్నే పిచ్ అంటాం. 1/8 బీఎస్‌పీ బయటి వ్యాసం 9.73, చుట్టుకి 0.91 దాకా. తేడా ఎంత? వ్యాసంలో పావు మిల్లీమీటరు, చుట్టుకి పదో వంతు కంటే తక్కువ. మొదటి చుట్టులో తెలియదు. రెండో చుట్టులో తెలియదు. మూడు నాలుగు చుట్లకి ఆ తేడాలన్నీ పోగుపడి మర మరని కరుస్తుంది. అందుకని ఒక సంగతి గుర్తుపెట్టుకోండి: సరైన పారలల్ మర, అంటే పొడవునా ఒకే లావుండే మర, చేత్తోనే, వేళ్లతోనే, చివరిదాకా తిరగాలి. మధ్యలో స్పానర్ అడిగిందంటే ఆపేసి విప్పండి. టేపర్ మర, అంటే చివరికి సన్నబడే మర అయితే కొన్ని చుట్లకి గట్టిపడటం సహజం, దాని సంగతి తర్వాత వస్తుంది.

ఇప్పుడు పేర్ల గోల. 1/8 అన్నాను కదా, 1/8 అంగుళం ఎంత? మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. మరి ఈ మర దాదాపు పది ఉంది. ఎక్కడుంది 1/8? ఎక్కడా లేదు. ఈ పేర్లు పాత ఇనప పైపుల లోపలి బెజ్జాన్ని బట్టి వచ్చినవి. పైపు గోడలు పల్చబడ్డాయి, బెజ్జం మారింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. 1/4 బీఎస్‌పీ కొలిస్తే 13.16 వస్తుంది. అర అంగుళం అంటే 12.7. కాబట్టి కొత్తవాళ్లు ఏం చేస్తారు? స్కేలు పెట్టి కొలుస్తారు, ఇంచుమించు అర అంగుళం ఉంది అనుకుంటారు, వెళ్లి అర అంగుళం ఫిట్టింగు ఇవ్వండి అంటారు. అవతలివాడు నిజాయితీగా అర అంగుళమే ఇస్తాడు. ఇంటికొచ్చి చూస్తే 21 మిల్లీమీటర్లు! బొటనవేలంత. తప్పు ఎవరిది? ఎవరిదీ కాదు. మీరు కొలత చెప్పారు, ఆయన పేరు విన్నాడు.

అది చాలదన్నట్టు బ్రిటిష్ వాళ్లదొక లెక్క, అమెరికా వాళ్లదొక లెక్క. 1841లో జోసెఫ్ విట్వర్త్ బ్రిటన్‌లో మరలకి ఒక పద్ధతి పెట్టాడు, మర కోణం 55 డిగ్రీలు. 1864లో విలియం సెల్లర్స్ అమెరికాలో 60 డిగ్రీలు అన్నాడు, తయారు చేయడం తేలిక అని. ఆ అయిదు డిగ్రీల కొట్లాట ఇవాళ్టికీ మన ఇంజన్ గదిలో నడుస్తోంది. బ్రిటిష్ బీఎస్‌పీ 55, అమెరికా పైపు మర ఎన్‌పీటీ 60. 1/4 సైజులో బీఎస్‌పీకి అంగుళానికి 19 మరలు, ఎన్‌పీటీకి 18. ఇది కొంచెం నయం, త్వరగా ఇరుక్కుని దొరికిపోతుంది. 1/2 సైజుకి వచ్చేసరికి రెండిటికీ 14. అచ్చంగా 14. ఒకదానిలోకి ఒకటి ఇంచుమించు చక్కగా పోతుంది, బిగుస్తుంది, కోణం తేడా వల్ల మర పక్కన సన్నని సందు మాత్రం మిగిలిపోతుంది. డీజిల్‌కి అంత సందు చాలదా? ధారాళంగా చాలు. నీళ్లు ఆగిన చోట కూడా డీజిల్ పాకుతుంది.

ఎలా గుర్తుపట్టాలి అంటే, వెర్నియర్ కాలిపర్స్ ఒకటి, పిచ్ గేజ్ ఒకటి కొనుక్కోండి. రెండూ జేబులో పడతాయి. పిచ్ గేజ్ లేకపోతే ఇంకో దారి ఉంది. మీకు ఖాయంగా తెలిసిన బోల్టో నిప్పలో ఒకటి తీసుకుని, తెలియనిదాని పక్కన మర మీద మర ఆనించి, కిటికీ వైపు ఎత్తి పట్టుకోండి. పళ్లలో పళ్లు కూర్చుని వెలుతురు ఎక్కడా కనపడకపోతే పిచ్ ఒకటే. ఒక చివర కూర్చుని రెండో చివర లేస్తే వేరు. దీనికి చదువు అక్కర్లేదు, కళ్లజోడు చాలు. నా వయసు వాళ్లకి కళ్లజోడు తప్పదు లెండి.

లోపలి మర, అంటే ఆడ మర, కొలవడం కష్టం. అందుకని విప్పిన పాత ఫిట్టింగునే కొలుస్తాం. అక్కడ కూడా ఒక మెలిక. పాతదాన్ని ఎవరు పెట్టారు? మీకంటే ముందు ఆ బోటు ఉన్న మనిషి. ఆయన నాలాంటివాడు అయితే? ఒక ఫ్యూయల్ లైన్‌లో ట్యాంకు చేసినవాడు ఒకడు, ఫిల్టర్ చేసినవాడు ఇంకొకడు, ఇంజన్ చేసినవాడు మూడోవాడు, పాత యజమాని నాలుగోవాడు. మొదటి ముగ్గురి దగ్గర కాగితాలు ఉంటాయి. నాలుగోవాడితోనే భయం. కాబట్టి పాత ఫిట్టింగు మర చివర నలిగి ఉందా, ఒక వైపు మెరుస్తోందా చూడండి. నలిగి ఉంటే దాన్ని నమూనాగా పట్టుకెళ్లకండి, ఫిల్టర్ కంపెనీ కాగితంలో పోర్టు సైజు చూడండి. ఇంకోటి, ఇంజన్ పుస్తకంలో ఇంజన్ పోర్టులే ఉంటాయి. ఇంజన్ పేరు చెప్పి ట్యాంకు ఫిట్టింగు అడిగితే ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

ఇంతవరకూ మర సంగతి. ఇది సగమే. అసలు ప్రశ్న వేరే ఉంది, నేను ఈ వేదిక ఎక్కింది దాని కోసమే. ఈ జాయింటులో డీజిల్‌ని ఆపుతున్నది ఏది? మరే ఆపుతోందా, వాషర్ ఆపుతోందా, కోన్ ఆపుతోందా? ఫిట్టింగు చేతిలోకి తీసుకోగానే అడగాల్సిన ప్రశ్న అది. మర అనేది చాలా ఫిట్టింగుల్లో పట్టుకుని లాగే చెయ్యి మాత్రమే. తలుపు మూసేది ఇంకోటి.

టేపర్ మరలో మరే ఆపుతుంది. ఎన్‌పీటీ, బీఎస్‌పీలోనే టేపర్ రకమైన బీఎస్‌పీటీ, రెండూ టేపరే. 16 మిల్లీమీటర్ల పొడవుకి 1 మిల్లీమీటరు లావు పెరుగుతుంది. అంటే మేకులాగా, చీలలాగా లోపలికి దిగుతూ బిగుస్తుంది. దీనికి సీలెంట్ కావాలి, మరల మధ్య సందు నింపడానికి. అయితే చీల అన్నాను కదా, చీల దిగగొడితే కట్టె ఏమవుతుంది? చీలుతుంది. పల్చని అల్యూమినియం ఫిల్టర్ తలలో టేపర్ ఫిట్టింగు పెట్టి, ఇంకొంచెం, ఇంకొంచెం అని బిగిస్తే ఆ తల పగులుతుంది. చప్పుడు కూడా రాదు. ఫిట్టింగు పోతే ఫిట్టింగు మారుస్తాం, తల పోతే ఫిల్టరే మార్చాలి. ఎల్బో, అంటే మూల తిరిగిన ఫిట్టింగు, అయితే మరీ. ఎల్బో ముఖం అటు తిరగాలి, ఇంకో పావు చుట్టు తిప్పితే గానీ రాదు, సరే తిప్పేద్దాం అంటాం. ఆ పావు చుట్టే పగలగొట్టేది.

పారలల్ మరలో మర ఆపదు. ఎంత టేపు చుట్టినా ఆపదు. ముఖం మీద ఉన్న వాషర్ ఆపుతుంది. రాగి వాషర్ కావచ్చు, మధ్యలో రబ్బరు అతికించిన ఇనప వాషర్ కావచ్చు. బాంజో బోల్టు అందరూ చూసే ఉంటారు, డీజిల్ ఇంజన్ల మీద ఉంటుంది, నడుం బోలుగా ఉన్న బోల్టు, దాని చుట్టూ ఉంగరంలాగా ఒక కన్ను. దానికి రెండు వాషర్లు, కంటికి ఇటు ఒకటి, అటు ఒకటి. విప్పినప్పుడు ఒకటి ఇంజన్‌కే అంటుకుని ఉండిపోతుంది, కనపడదు. కొత్తవి రెండు పెడతాం, మొత్తం మూడు అవుతాయి. మూడు ఉంటే బాగా ఆపుతుంది కదా? ఆపదు. పాతదీ కొత్తదీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. టార్చి వేసి, గోరుతో తడిమి, పాతది తీసేశాకే కొత్తది పెట్టండి.

రాగి వాషర్‌ని మళ్లీ వాడొచ్చా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. రాగి నొక్కుకుపోతే గట్టిపడుతుంది, గట్టిపడ్డ రాగి రెండోసారి ఒదగదు. ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది, అది నిజమే. నడి నీళ్లలో దిక్కు లేనప్పుడు నేనూ చేశాను. కానీ గట్టున ఉన్నప్పుడు ఆ కక్కుర్తి ఎందుకండీ? కొత్తవి వేయండి.

ఇక కోన్. ఫ్లేర్ ఫిట్టింగు అంటాం. నట్టు లాగుతుంది, ఒక కోన్ వెళ్లి ఇంకో కోన్‌లో కూర్చుంటుంది, లోహానికి లోహం ఆనుకుని ఆపుతుంది. దీనికి టేపు వద్దు, పేస్టు వద్దు, ఏమీ వద్దు. శుభ్రంగా ఉంటే చాలు. కానీ ఇందులో రెండు జాతులు. ఒకటి 37 డిగ్రీలు, జేఐసీ అంటారు. రెండోది 45 డిగ్రీలు, ఎస్‌ఏఈ ఫ్లేర్. పావు అంగుళం ట్యూబు సైజులో రెండిటికీ మర ఒకటే, 7/16 అంగుళం, అంగుళానికి 20. ఒకదాని నట్టు ఇంకోదాని మీద వెన్నలా తిరుగుతుంది. వేళ్లతోనే చివరిదాకా పోతుంది. ఇందాక నేను చెప్పిన వేళ్ల పరీక్ష ఉంది చూడండి, దానికి కూడా ఇది దొరకదు. లోపల మాత్రం 37 వెళ్లి 45లో గీత మందాన ఆనుకుని ఉంటుంది. ఇవాళ ఆగుతుంది. ఇంజన్ వణుకుతుంది, వారం తర్వాత కారుతుంది. బిగిస్తే ఆగుతుంది, మళ్లీ కారుతుంది. ఏ జాయింటునైనా మీరు రెండోసారి, మూడోసారి బిగించాల్సి వస్తోందంటే, అది వదులు కావడం కాదు, అది తప్పు జత.

ఆలివ్, అంటే పైపు చుట్టూ నొక్కుకునే చిన్న ఉంగరం, వేసే కంప్రెషన్ ఫిట్టింగు సంగతి అందరికీ తెలుసు, రాగి పైపు వేసినవాళ్లకి. పైపూ నట్టూ మిల్లీమీటర్లా అంగుళాలా చూసుకోండి, కలపకండి. అంతే.

ఇంకో మాట, టేపు. తెల్ల టేపు. ప్లంబింగ్‌కి వాడేది. నేను ఫ్యూయల్ లైన్‌లో వాడను. ఎందుకంటే బిగించేటప్పుడు మర అంచు ఆ టేపుని దారంలాగా కోస్తుంది, ఆ దారం లోపలికి వేలాడుతుంది, ఒకరోజు తెగి ప్రయాణం మొదలుపెడుతుంది. ఫిల్టర్‌కి ముందు తెగితే ఫిల్టర్ పట్టుకుంటుంది. తర్వాత తెగితే? పంపు వాల్వు, కార్బ్యురేటర్ జెట్, ఇంజెక్టర్, ఎక్కడ ఇరుక్కుంటుందో దానికే తెలియదు. ఇంధనానికి తట్టుకునే పేస్టు దొరుకుతుంది, అది రాయండి. అది కూడా మొదటి ఒకటి రెండు మరలు వదిలేసి రాయండి. టేపర్ మరకి మాత్రమే. ఫ్లేర్‌కి రాసి, బాంజోకి రాసి, అన్నిటికీ రాసి, చేతులకి కూడా రాసుకునేవాళ్లని చూశాను నేను.

గొట్టం వైపు కొంచెం. గొట్టం సైజు అంటే లోపలి బెజ్జం. 8 మిల్లీమీటర్లూ, 5/16 అంగుళమూ ఒకటే అనుకోవచ్చు, 7.94 కదా. కానీ 10 మిల్లీమీటర్లూ, 3/8 అంగుళమూ ఒకటి కాదు. 3/8 అంటే 9.53. 3/8 నిప్పల్ మీద 10 గొట్టం వేస్తే చేత్తో తేలిగ్గా జారిపోతుంది. మనకి సంతోషం, గొట్టాన్ని మెత్తబరచడానికి వేడినీళ్లు కాచే పని తప్పిందని. క్లాంపు బిగిస్తే గొట్టం ఒక చోట మడత పడుతుంది, ఆ మడత కిందనుంచే గాలి పీలుస్తుంది. సరైన గొట్టం నిప్పల్ మీదకి ఎక్కడానికి కొంచెం మొండికేయాలి.

క్లాంపు స్టెయిన్‌లెస్ స్టీలుది, లోపలి ముఖం నున్నగా ఉన్నది తీసుకోండి. పట్టీకి గాట్లు ఆరపార ఉంటే ఆ గాట్లలోకి రబ్బరు పొంగి తెగుతుంది. నిప్పల్ మీద ఉబ్బెత్తు దాటాక, దాని వెనక కూర్చోబెట్టాలి. రెండు క్లాంపులు వేస్తే రెట్టింపు భద్రం అనుకుంటారు. నిప్పల్ పొడవుగా ఉంటే నిజమే. పొట్టిగా ఉంటే? రెండో క్లాంపు కింద నిప్పల్ ఉండదు, ఖాళీ గొట్టం ఉంటుంది. బిగిస్తే గొట్టం గొంతు నులిమినట్టు. పొట్టి నిప్పల్‌కి ఒక్క మంచి క్లాంపు చాలు.

గొట్టం మీద రాత అన్నాను కదా. ఐఎస్ఓ 7840 అని ఉంటే మంటకి రెండున్నర నిమిషాలు తట్టుకునేది అని. ఏ1, ఏ2 అని ఉంటే అవీ మంట పరీక్ష పాసయినవే, బీ1, బీ2 కానివి. పక్కన ఉండే అంకె, గొట్టం గోడలోంచి ఎంత ఆవిరి చెమరుస్తుందో చెబుతుంది. 1 అయితే చదరపు మీటరుకి రోజుకి 100 గ్రాముల లోపు, 2 అయితే 300 లోపు, ఏ1-15 అయితే 15 లోపే. కారు గొట్టం కూడా డీజిల్ మోస్తుంది, మోయదని నేను అనను. కానీ కారు కాలితే దిగి పరుగెత్తుతాం. బోటు కాలితే ఎటు పరుగెత్తుతాం? ఆ రెండున్నర నిమిషాలు ఆర్పే డబ్బా అందుకోవడానికీ, లైఫ్ జాకెట్లు వేసుకోవడానికీ.

పాత గొట్టం బయటికి బాగున్నా లోపలి పొర ఊడి రేకులా వేలాడుతుంది ఒక్కోసారి. పీల్చినప్పుడు మూసుకుంటుంది, ఆగినప్పుడు తెరుచుకుంటుంది. విప్పి చూస్తే ఏమీ ఉండదు. పిచ్చెక్కిస్తుంది. అనుమానం ఉన్న గొట్టాన్ని నిలువుగా కోసి చూడండి.

అడాప్టర్ల గురించి నా అభిప్రాయం కటువుగా ఉంటుంది. ఎన్‌పీటీ నుంచి బీఎస్‌పీకి ఒకటి, దాని మీద ఎల్బో, దాని మీద సైజు తగ్గించే రిడ్యూసర్, దాని మీద నిప్పల్. గోపురం కట్టినట్టు. ప్రతి జాయింటూ గాలికి ఒక గుమ్మం. పైగా ఇంజన్ వణుకుతుంటే ఆ గోపురం బరువంతా కింద మర మీద ఊగుతుంది. బెజ్జం కూడా చూడండి, 10 మిల్లీమీటర్ల గొట్టం వేసి మధ్యలో 1/8 ఫిట్టింగు పెడితే, లోపలి దారి సగానికి పడిపోతుంది. నెమ్మదిగా నడిచినంతసేపూ బాగుంటుంది, ఫుల్ థ్రాటిల్‌లో ఇంజన్ ఆకలితో దగ్గుతుంది. ఒక అడాప్టర్ తప్పదంటే ఒకటి పెట్టండి. రెండోది అడిగిందంటే, ఒక చివర ఫిట్టింగు అసలు తప్పు ఎంచుకున్నాం అని.

లోహాలు. గాల్వనైజ్డ్ ఫిట్టింగు డీజిల్‌లో వద్దు, జింకు డీజిల్‌లోకి కరిగి ఇంజెక్టర్ల దగ్గర తేలుతుంది. అల్యూమినియం ట్యాంకులో ఇత్తడి నేరుగా పెట్టొద్దు, ఉప్పు తేమ తగిలితే అల్యూమినియం తినేయబడుతుంది. మధ్యలో స్టెయిన్‌లెస్ ముక్క ఉండాలి.

పెట్రోలు వాళ్లు ఎంతమంది? సరే, మీకు వేరే చెప్పాలి. డీజిల్ 50 డిగ్రీలు దాటి వేడెక్కితే గానీ అంటుకునే ఆవిరి ఇవ్వదు. పెట్రోలు మంచుగడ్డ కంటే చల్లగా ఉన్నా ఇస్తుంది. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు, పైకి పోదు, బిల్జ్‌లో, అంటే బోటు అడుగున, చేరి కూర్చుంటుంది. లోపల ఇంజన్ ఉన్నవాళ్లు స్టార్ట్ చేసే ముందు, ఆవిరిని బయటికి తోసే బ్లోయర్ ఫ్యాను కనీసం నాలుగు నిమిషాలు నడపాలి, ముక్కు పెట్టి వాసన చూడాలి. ఫిట్టింగు మార్చిన రోజు ఇంకా ఎక్కువసేపు. అవుట్‌బోర్డు వాళ్లకి, అంటే బోటు వెనక బయట ఇంజన్ తగిలించుకునేవాళ్లకి, చేత్తో పిసికే బల్బు మీద బాణం ఇంజన్ వైపు ఉండాలి. ఇంజన్ దగ్గర టక్కున పట్టే కనెక్టర్ కంపెనీకో రకం, యమహాది హోండాకి పట్టదు. మీ కంపెనీది అడిగి తెచ్చుకోండి, లోపలి ఓ-రింగు కూడా చూడండి. బిగించాక బల్బు గట్టిపడేదాకా పిసికి వదిలేయండి. కాసేపటికి మెత్తబడితే ఎక్కడో దారి ఉంది, అది బయటికో, లోపలికో.

ఇంజెక్షన్ పంపు నుంచి ఇంజెక్టర్‌కి పోయే ఇనప పైపులు మన ఇవాళ్టి విషయం కాదు. వాటికి గొట్టం, క్లాంపు అనే మాటే లేదు. అక్కడ ఒత్తిడి వందల బార్లు, లీకు వెతకడానికి వేలు పెడితే డీజిల్ చర్మం లోపలికి దూరుతుంది. అట్టముక్క పెట్టి చూడాలి, వేలు కాదు.

ప్రశ్నలు అడగండి.

(కొత్తది కొనడానికి వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్లాలని ఒకరు అడిగారు.)

పాత లైన్‌ని కోయకుండా, రెండు చివరలా ఫిట్టింగులతో సహా తీసుకెళ్లండి. విప్పే ముందు ఫొటో తీయండి. ఏ చివర ఎటుదో చీటీ కట్టండి, ట్యాంకు వైపు, ఇంజన్ వైపు అని. ఒక కాగితం మీద ప్రతి చివరకీ మూడు మాటలు రాయండి: బయటి వ్యాసం ఎంత, పిచ్ ఎంత, ఆపేది ఏది. టేపరా, వాషరా, కోనా. కోన్ అయితే 37 ఆ 45 ఆ. ఈ మూడూ ఉంటే ఫోన్‌లో కూడా కొనొచ్చు. "నల్లటి ఇంజన్‌కి పట్టే ఇత్తడిది" అంటే కొనలేం. నవ్వకండి, నన్ను అలా అడిగారు.

(పని అయ్యాక లీకు ఎలా చూడాలని ఇంకొకరు.)

ప్రతి జాయింటునీ పొడిగా తుడిచి, పొడి టిష్యూ కాగితం చుట్టండి. తడిస్తే కంటికంటే ముందు కాగితం చెబుతుంది. ఇది పంపు తర్వాత జాయింట్లకి. పంపుకి ముందు జాయింట్లకి ఇందాకటి పారదర్శక గొట్టమే. రాత్రంతా వదిలేసి పొద్దున్నే స్టార్ట్ చేసి చూడండి. ఎక్కడన్నా గాలి దూరుతుంటే రాత్రికి డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోయి ఉంటుంది, పొద్దున ఇంజన్ అందుకోదు. కొన్ని గంటలు నడిచాక క్లాంపులు ఒకసారి చూసుకోండి, రబ్బరు ఒదుగుతుంది కాబట్టి. ఫ్లేర్ నట్లని మాత్రం ఊరికే బిగించకండి.

ఆ రెండు ఇత్తడి ముక్కలు ఎక్కడున్నాయి? మూడో వరసలోనా? ఇటివ్వండి. ఎర్ర చుక్కది ఏమిటన్నారు? ఎం10 అన్నవాళ్లు? ... బీఎస్‌పీ అన్నవాళ్లు? ... సగం సగం. ఇదిగో వెర్నియర్, మీరే రండి బాబూ, ముందు వరసలో ఉన్నారు కదా, మీరే కొలిచి చదవండి, అందరికీ వినపడేలా.

తొమ్మిది పాయింట్ ఏడు. విన్నారా? చుక్క పెట్టింది నేనే, అయినా పొద్దున నేనూ కొలుచుకునే వచ్చాను.